గీత పక్కన ముప్ఫై

ఆత్మకూరు,
ఆగస్టు 3, 2024.

నానీకి సలాం.

నిన్న ఫోన్లో నేను అరగంట సేపు గొంతు చించుకున్నాను. మీకు అందులో రెండు మాటలు కూడా చేరలేదని మీ కూతురు, అదే మా అమ్మ, చెప్పింది. చెవి మిషను పెట్టుకోమంటే "అది పెట్టుకుంటే పక్కింటివాళ్ళ మాటలు కూడా వినాల" అన్నారట. సరే, మీరు కోరినట్టే కాగితం మీద పెడుతున్నాను.

నేను పనిచేసే కామర్సు డిపార్టుమెంటులో కంప్యూటర్లు, ప్రింటర్లు, ఫోన్లు అన్నీ కలిపి నూట తొంభై తొమ్మిది. అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉన్నాయి. గోడల్లేని పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టినట్టు అనుకోండి. పోయిన వారం ఎవరో విద్యార్థి వాళ్ళక్క పెళ్ళిపత్రికను ల్యాబులో కూర్చుని ప్రింటు కొట్టాడు. అది ల్యాబులో రాలేదు, హెచ్‌ఓడీ సారు గదిలో వచ్చింది. నూట యాభై కాపీలు. ఆ సమయానికి లోపల యూనివర్సిటీ పెద్దలు కూర్చుని ఉన్నారు. ఒకాయన మొదటి కాపీ తీసుకుని చదివి, "ముహూర్తం బాగుండాది సార్, భోజనాలు ఎక్కడ?" అన్నాడట.

ఆ సాయంత్రమే హెచ్‌ఓడీ నాగేంద్రబాబు గారు నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఈ నెట్‌వర్కును ముక్కలు చెయ్. ల్యాబు ల్యాబుగా ఉండాల, ఆఫీసు ఆఫీసుగా ఉండాల. సెప్టెంబరు ఇరవైన ల్యాబులో ఆన్‌లైన్ పరీక్ష ఉండాది. నూటపది మంది ఒకేసారి కూర్చుంటారు. అది సాఫీగా జరిగితే నీ కాంట్రాక్టు ఇంకో ఏడాదికి రాస్తా. జరక్కపోతే ఉదయగిరి బస్సెక్కు" అన్నారు.

నానీ, ఇది నా మొదటి ఉద్యోగం. షఫీక్ మామ ఇప్పటికే "ఆ పదకొండు నెలల కొలువెందుకే, నా సెల్ షాపులో కూర్చో" అంటున్నాడు. కూర్చుంటే ఫోన్లకు గాజు రేకులు అంటిస్తూ ముసలిదాన్నైపోతాను.

చిక్కు ఎక్కడంటే, మాకు పైనుంచి ఇచ్చింది 256 నంబర్లు. మెషీనుకొక నంబరు. ఇంకా కావాలంటే ఇచ్చేది లేదన్నారు. వీటిని ఇష్టమొచ్చినట్టు కొయ్యకూడదు. సగం, సగంలో సగం, అందులో సగం, అంతే. 128, 64, 32, 16, 8, 4. ప్రతి ముక్కలోనూ మొదటి నంబరు ఆ ముక్క పేరుకు పోతుంది, చివరిది అందరినీ ఒకేసారి కేకేయడానికి పోతుంది. ఇంకొకటి బయటికి వెళ్ళే గేటుకు. మిగిలినవే మెషీన్లకు.

కావలసింది ల్యాబుకు నూటపది, పీజీ ల్యాబుకు యాభై, టీచర్లకు ఇరవై నాలుగు, ఆఫీసుకు పదకొండు, హెచ్‌ఓడీ సారు గదికి నాలుగు. కానీ ఎవరూ కావలసింది అడగడం లేదు. ఆఫీసు సూపరింటెండెంటు ఓబులయ్య గారు "టీచర్లకు ఎంతో మాకూ అంతే. మేం లేకుంటే మీ జీతం బిల్లు ఎవరు పంపుతారు?" అంటాడు. విజయకుమారి మేడం "నా సర్వీసు ముప్ఫై ఏళ్ళు. ఆయనకూ నాకూ ఒకటే లెక్కా?" అంటుంది. హెచ్‌ఓడీ సారుకు అందరికన్నా పెద్దది కావాలట. ఆయన గదిలో ఉన్నవి నాలుగు వస్తువులు!

మీరు ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పారు. ఈ లెక్క కూడా చెప్పండి.

మీ షాహిస్తా


ఉదయగిరి,
ఆగస్టు 9.

చిరంజీవి షాహిస్తాకు నాని దువాలు.

ఉత్తరం అందింది. నీ చేతిరాత చూస్తే కంప్యూటర్లు కనిపెట్టినవాడి మీద కోపం వచ్చింది. అయినా రెండుసార్లు చదివాను.

రెండు వందల యాభై ఆరు! ఎంత చక్కని సంఖ్య. ఎనిమిది సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, చిల్లర ఉండదు. మీ డిపార్టుమెంటులో చక్కనిది అదొక్కటే లాగుంది.

మన వైపు అన్నదమ్ములు పొలం పంచుకునే పద్ధతి ఒకటుంది. అందరిలోకీ పెద్దవాడు భాగాలు వెయ్యాలి. అందరిలోకీ చిన్నవాడు ముందు ఏరుకోవాలి. పెద్దవాడికి ఆఖరున మిగిలిందే. ఏది మిగులుతుందో తెలియదు గనక చచ్చినట్టు సమానంగా వేస్తాడు. దీనికి మనిషి మంచివాడు కానక్కరలేదు, భయముంటే చాలు. మా చిన్నాన్నలు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు. ఈ పద్ధతిలో ఒక్క పూటలో పంచుకుని, ఎవరి దారిన వాళ్ళు తిట్టుకుంటూ పోయారు. మీ హెచ్‌ఓడీ చేత భాగాలు వేయించు. సర్వీసులో అందరికన్నా చిన్నవాణ్ణి ముందు ఏరుకోమను.

షఫీకు మాటలు పట్టించుకోకు. వాడి షాపులో వాడికే పని లేదు.

పోతే, మీ హెచ్‌ఓడీది ఏ ఊరు? చదువు ఎక్కడ? ఊరికే అడిగాను. నాకు వేరే పనేముంది గనక.

నీ తల్లిని కన్న
మస్తాన్‌బీ


ఆత్మకూరు,
ఆగస్టు 30.

నానీకి,

మీ పద్ధతి పాటించాను. కొంప మునిగింది.

మీటింగులో చెప్పగానే హెచ్‌ఓడీ సారు పొంగిపోయారు. "మా నాయనోళ్ళు ఇట్టనే పంచుకున్నారు" అంటూ 256ను ఎనిమిది సమాన ముక్కలు చేశారు. ముక్కకు 32. అందరికన్నా చిన్న జయపాల్, మా ల్యాబు అసిస్టెంటు. పాపం అతను లేచి, చుట్టూ చూసి, నీళ్ళు నమిలి, ల్యాబుకు రెండు ముక్కలు తీసుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు మూడోది అడగడానికి నోరు రాలేదు. తరువాత ఓబులయ్య గారు ఆఫీసుకు రెండు. విజయకుమారి మేడం టీచర్లకు రెండు. పీజీ ల్యాబు తరఫున మాట్లాడేవాళ్ళు లేరు, దానికి ఒకటి పడేశారు.

సారుకు మిగిలింది 224తో మొదలయ్యే ముక్క. ఓబులయ్య గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "రెండూ రెండూ నాలుగూ కలిస్తే ఎనిమిది. శని అంకె సార్. ఏం చేస్తాం, మిగిలింది అదే" అన్నాడు. సారు మొహం చూడాల్సింది.

శనివారం నాడు ల్యాబులో ఉత్తుత్తి పరీక్ష పెట్టి చూశాం. రెండు ముక్కల్లో పేర్లు, కేకలు, గేట్లు పోను యాభై ఎనిమిది నంబర్లు. కూర్చున్నది నూటపది మంది. యాభై రెండు కంప్యూటర్లు వెలిగాయి గానీ ఎక్కడికీ పోలేదు. "అక్కా, నాది తిరగతానే ఉండాది" అని వరసగా చేతులు లేచాయి.

సోమవారం మెమో ఇచ్చారు. నా కాంట్రాక్టును ఎందుకు ముగించకూడదో పదిహేను రోజుల్లోగా రాసివ్వాలట. ఆ మెమో ఓబులయ్య గారు స్వయంగా తెచ్చి, నేను చదివేదాకా నిలబడి, "నీళ్ళు తాగుతావా అమ్మా?" అని అడిగి పోయాడు.

మీరు అడిగారు గనక చెబుతున్నాను. సారుది సీతారామపురం దగ్గర పల్లె. ఉదయగిరిలో హాస్టల్లో ఉండి చదువుకున్నారట. ఏ లెక్క వచ్చినా చూపుడు వేలితో బల్ల మీద రాసుకుంటూ ఉంటారు. అది తెలుసుకుని మీరేం చేస్తారో నాకు అర్థం కాలేదు. నాకిప్పుడు కావలసింది ఆయన ఊరు కాదు, నా ఉద్యోగం.

షాహిస్తా


ఉదయగిరి,
సెప్టెంబరు 4.

చిరంజీవి షాహిస్తాకు,

తప్పు నాదే. ఏడాదికొకసారి ఒప్పుకుంటాను. ఈ ఏడాదిది అయిపోయింది, మళ్ళీ అడగకు.

ఎక్కడ తప్పానో రాత్రంతా కాదు గానీ ఒక టీ తాగేంత సేపు ఆలోచించాను. ఆ పద్ధతి పంచుకునేవాళ్ళంతా ఎదురుగా కూర్చున్నప్పుడే నడుస్తుంది. మీ మీటింగులో నూటపది మంది పిల్లలు లేరు. వాళ్ళ బదులు నోరు లేని జయపాల్ ఉన్నాడు. పైగా పొలం ఎంతున్నా దున్నుకోవచ్చు. నంబరు అవసరానికి మించి ఇస్తే మెషీను ఏం చేసుకుంటుంది? చెవికి తగిలించుకుంటుందా?

పెళ్ళయ్యాక వలీమా విందుకు వంటవాడు ఏం చేస్తాడు? పొయ్యిల మీద చిన్న గిన్నెలు ముందు పెట్టేస్తే బిర్యానీ దేగిశాకు చోటుండదు. పెద్దది ముందు ఎక్కించాలి, చిన్నవి సందుల్లో సర్దాలి. నువ్వూ అంతే. 128 ల్యాబుకు, 64 పీజీ ల్యాబుకు, 32 టీచర్లకు, 16 ఆఫీసుకు. మిగిలిన పదహారు మీ సారుకు. నేను వేసి చూశాను, అందరికీ సరిపోతుంది.

మెమోకు జవాబు అరపేజీ మించకూడదు. నన్ను ఇరికించకు, మీ సారును నిందించకు. "ట్రయల్లో తేలిన లోపాన్ని సరిదిద్దుతున్నాను" అని రాసి ఊరుకో.

ఇక వాళ్ళ గౌరవాల సంగతి. నీ ఉత్తరం వెనక పెన్సిలుతో గీతలు గీసి 25, 26 అని ఏవో రాసుకున్నావు. షఫీకును అడిగాను. ఈ నంబర్ల ముక్కను మీ వృత్తివాళ్ళు ఒక ఏటవాలు గీత గీసి, పక్కన అంకె వేసి రాస్తారట. అంకె పెరిగే కొద్దీ ముక్క సగం సగం తగ్గుతుందట. 25 అంటే 128 నంబర్లు, 26 అంటే 64, అట్లా. నాకు అది చాలా నచ్చింది. మీటింగులో బోర్డు మీద ఆ గీతలు, అంకెలే రాయి. అబద్ధం కాదు కదా, మీ పద్ధతే. ఎవరైనా అడిగితే చక్కగా విడమర్చి చెప్పు. అడగనివాళ్ళ కోసం నోరు నొప్పి చేసుకోకు.

మీ సారు ఊరు ఎందుకంటావా? ముసలివాళ్ళకు ఊళ్ళ పేర్లు వినడం సరదా.

నాని


ఆత్మకూరు,
సెప్టెంబరు 27.

నానీ, నానీ, నానీ,

ముందు అసలు మాట. ఇరవయ్యో తేదీ పరీక్ష జరిగింది. నూటపది మందీ కూర్చున్నారు, నూటపది మందీ రాసి లేచారు. ఒక్క చెయ్యి పైకి లేవలేదు. ఇరవై మూడున సారు రెన్యువల్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఏడాది! సిరా ఆరకముందే ఫోటో తీసి షఫీక్ మామకు పంపాను. "మంచిది, సెలవుల్లో షాపుకు రా" అన్నాడు.

ఇప్పుడు పరీక్షకు ముందు జరిగిన మీటింగు కథ. బోర్డు మీద రాశాను. ల్యాబు 25, పీజీ ల్యాబు 26, టీచర్లు 27, ఆఫీసు 28, హెచ్‌ఓడీ గది 28. అంకెల ముందు గీతలు. ఓబులయ్య గారు చూసి, "పిల్లకాయలకు పాతికేనా? పోనీలే, చదువుకునేటోళ్ళు" అన్నాడు. విజయకుమారి మేడం "ఆఫీసుకు నాకన్నా ఒకటి ఎక్కువా? ఇది ఏ లెక్కనమ్మా?" అని అడిగింది. అడిగింది గనక పక్కకు తీసుకుపోయి విడమర్చి చెప్పాను. ఆమె కాసేపు బోర్డు వైపు, కాసేపు ఓబులయ్య గారి వైపు చూసింది. తిరిగి వచ్చి కూర్చుని, "నాకు ఇరవై ఏడు చాలు. నాకు పెద్దరికాల మీద మోజు లేదు" అంది.

అప్పుడు సారు లేచారు. "ఓబులయ్యకూ నాకూ ఇరవై ఎనిమిదేనా?"

"ఇరవై తొమ్మిది చేయమంటారా సార్? మీ గదికి సరిపోతుంది" అన్నాను. నిజంగానే సరిపోతుంది నానీ.

"సరిపోయేది ఏందమ్మా, హెచ్‌ఓడీకి? ఎందాకా పోవచ్చు?"

"ముప్ఫై దాకా సార్. కానీ సార్, ముప్ఫై అంటే..."

"ముప్ఫై వెయ్."

"సార్, ఒక్క మాట, ముప్ఫైలో..."

"అమ్మాయ్! నేను కామర్సు ప్రొఫెసర్ని. పాతిక పెద్దదో ముప్ఫై పెద్దదో నువ్వు నాకు చెప్పబాక."

విజయకుమారి మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. సారు ఆ పంపకం మీద సంతకం పెట్టారు. నేను వేశాను.

ముప్ఫై అంటే నాలుగు నంబర్లు. పేరుకొకటి, కేకకొకటి, గేటుకొకటి. మిగిలింది ఒకటే. సారు కంప్యూటరు మాత్రం నడుస్తోంది. ప్రింటరు, ల్యాప్‌టాపు, బల్ల మీది ఫోను మూగబోయాయి. ఆయనేమో అడగరు. కోరి తీసుకున్నది కదా! కాగితం ప్రింటు కావాలంటే జయపాల్‌కు పెన్‌డ్రైవు ఇచ్చి కింద ఆఫీసుకు పంపుతున్నారు. ఆఫీసులో ఓబులయ్య గారు ప్రతి కాగితం ఆసాంతం చదివి, బాగుంటే రెండోసారి చదివి పైకి పంపుతున్నాడు. సారు నన్ను వరండాలో చూస్తే మొహం తిప్పుకుంటున్నారు.

నాకు నవ్వూ వస్తోంది, పాపం అనీ అనిపిస్తోంది. రెండుసార్లు గది దాకా వెళ్ళాను. "ఏంది?" అన్నారు. "ఏం లేదు సార్" అని వచ్చేశాను. ఏం చెయ్యను?

మీ షాహిస్తా


ఉదయగిరి,
అక్టోబరు 3.
(పోస్టు కార్డు)

చిరంజీవి నాగేంద్రబాబుకు మస్తాన్‌బీ టీచరు ఆశీస్సులు.

ఏడో తరగతిలో నువ్వు రొట్టెలో నాలుగో వంతు వద్దు, ఎనిమిదో వంతే కావాలని, నాలుగు కన్నా ఎనిమిది పెద్దదని నాతో పీరియడంతా వాదించావు. నేను రొట్టె తెప్పించి, కోసి, ఎనిమిదో వంతు నీ చేతిలో పెట్టాను. నువ్వు మధ్యాహ్నం దాకా ఏడ్చావు. గుర్తుందా?

నీ గదిలో ప్రింటరు పనిచేయడం లేదని విన్నాను. గీత పక్కన ముప్ఫై అంటే ఎంతో మీ దగ్గరి అమ్మాయి షాహిస్తాను అడుగు. అప్పుడు నీకు పన్నెండేళ్ళు గనక అడగలేదు. ఇప్పుడేం అడ్డం?

మస్తాన్‌బీ


ఆత్మకూరు,
అక్టోబరు 10.

పూజ్యులు టీచరమ్మ గారికి నాగేంద్రబాబు నమస్కారాలు.

కార్డు అందింది. నాకు అందేలోపల మా సూపరింటెండెంటు ఓబులయ్య దాన్ని ఆఫీసులో పైకి చదివాడు. రొట్టె దగ్గర ఆగి మళ్ళీ చదివాడట. మీరు కవరులో పెట్టి ఉంటే బాగుండేదని మనవి. మీరు కావాలనే పెట్టలేదని కూడా నాకు తెలుసు.

షాహిస్తాను అడిగాను. కాగితం మీద గీసి చూపించింది. పిల్లల ల్యాబుదాంట్లో నాది ముప్ఫై రెండో వంతట. నలభై అయిదేళ్ళ తరువాత కూడా అదే రొట్టె, అదే ముక్క, అదే వెధవను నేను. చాలాసేపు నవ్వుకున్నాను. తలుపు వేసుకుని.

ఖాళీగా ఉన్న నంబర్లలోంచి నాకు ఎనిమిది ఇచ్చింది. బోర్డు మీద ముప్ఫై చెరిపి ఇరవై తొమ్మిది నేనే రాశాను. ఓబులయ్య "ఏంది సార్, తగ్గినారే?" అన్నాడు. "అయినా నీకన్నా ఒకటి ఎక్కువేలే" అన్నాను. కార్డులో రొట్టె సంగతి తప్ప వాడికేమీ తలకెక్కలేదు. నేనూ విడమర్చలేదు.

కానీ టీచరమ్మా, ఇంకో తలనొప్పి వచ్చి పడింది. కార్డు మీద ఉదయగిరి చూసి, ఆరా తీసి, షాహిస్తా మీ మనవరాలని ఓబులయ్య కనిపెట్టాడు. నాకూ అప్పుడే తెలిసింది. ఇప్పుడు డిపార్టుమెంటంతా "టీచరమ్మ మనవరాలని రెన్యువల్ ఇచ్చినాడు" అంటున్నారు. నిన్న ఆ అమ్మాయి రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టింది. "నా పనికి ఇచ్చినదైతే ఉంటాను సార్. మా నాని కోసం ఇచ్చినదైతే నాకొద్దు" అంది. పరీక్ష చూసి ఇచ్చానని చెప్పాను. నమ్మలేదు. మీరే ముందే నాకు చెప్పి ఉంటారని అనుకుంటోంది. ఆ కాగితం తీసుకోనూ లేదు, చింపనూ లేదు. మీరే దారి చూపాలి.

మీ విద్యార్థి
నాగేంద్రబాబు


ఉదయగిరి,
అక్టోబరు 14.

షాహిస్తాకు,

దువాలు తరువాత. ముందు తిట్లు.

ఆగస్టు ముప్ఫైన నువ్వు రాసిన ఉత్తరంలో సీతారామపురం, హాస్టలు, బల్ల మీద చూపుడు వేలు అన్నావు. ఆ నిమిషమే వాడెవడో నాకు తెలిసింది. అప్పటికి నీ చేతిలో మెమో ఉంది. నేను ఒక కార్డు ముక్క రాస్తే ఆ మెమోను వాడే చింపేసేవాడు. రాయలేదు. రాయలేదంటే, మూడు కార్డులు రాశాను, మూడూ చింపాను. పరీక్ష రోజున నువ్వు ఆత్మకూరులో ఏం చేస్తున్నావో తెలియక, నేనిక్కడ తుడిచిన బీరువానే మళ్ళీ తుడిచాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎంతోమంది పిల్లల పక్కన నిలబడి, తప్పు కనపడుతున్నా చెప్పకుండా వాళ్ళంతట వాళ్ళు దిద్దుకునేదాకా ఆగాను. ఎవరి దగ్గరా ఇంత కష్టపడలేదు.

నీ ఉత్తర్వు మీద తేదీ సెప్టెంబరు ఇరవై మూడు. నా కార్డు మీద పోస్టాఫీసు ముద్ర అక్టోబరు మూడు. పది రోజులు తేడా. లెక్కలు చెప్పినదాని మనవరాలివి, ఏది ముందో ఏది వెనకో చూసుకోకుండా రాజీనామా రాస్తావా?

నీకు ఆయన నా విద్యార్థి అని ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు ఆయన ముందు భయం లేకుండా నిలబడేదానివి. భయంతో నిలబడి, "సార్, ఒక్క మాట" అని చెప్పబోయావు చూడు, రెండుసార్లు. అది నాకు కావాలి.

నాగేంద్రకు కూడా రాశాను. నీ ఉత్తర్వునూ నా కార్డునూ పక్కపక్కన నోటీసు బోర్డు మీద పెట్టమన్నాను, తేదీలు అందరికీ కనపడేట్టు. తేదీతోపాటు రొట్టె సంగతి కూడా కనపడుతుంది. దానికి నేనేం చేసేది?

నీ తల్లిని కన్న
మస్తాన్‌బీ


ఆత్మకూరు,
అక్టోబరు 19.

నానీకి సలాం.

మీ మీద వారం రోజులు కోపంగా ఉన్నాను. మీ ఉత్తరం వచ్చాక ఇంకో పూట ఉన్నాను. తరువాత కోపం చాలలేదు.

నిన్న పొద్దున బోర్డు దగ్గర గుంపు. సారు స్వయంగా పిన్నులు గుచ్చారు. రెండు తేదీల కిందా ఎర్ర సిరాతో గీత గీశారు. పిల్లలు రొట్టె కథ చదివి నవ్వుతుంటే పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకడు ధైర్యం చేసి "నిజంగా ఏడ్చినారా సార్?" అని అడిగాడు. "ఆకలేసిందిరా" అన్నారు. తరువాత నా రాజీనామా కాగితం నా చేతికిచ్చి, "ఇది నేను చింపితే మళ్ళీ నా దయ అంటావు. నువ్వే చించుకో" అన్నారు. చింపాను.

ఇక ఉంటాను, పని ఉంది. ఓబులయ్య గారు తమ ఆఫీసుకు కూడా ఇరవై తొమ్మిదే కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఇస్తే పదకొండు మెషీన్లలో ఆరు ఆగిపోతాయి. ఆయన అడగలేదు, అయినా నేనే వెళ్ళి విడమర్చి చెబుతాను. మీరు వద్దన్నా సరే.

మీ షాహిస్తా